వాసన చూసి పలకరించే థెల్డా అత్త

మా థెల్డా అత్త మనుషుల్ని అందరిలా పలకరించదు. ముందు వాసన చూస్తుంది. గుమ్మంలో ఎవరు కనిపించినా సరే, మెడ ముందుకు సాచి, కళ్ళు సగం మూసుకుని, ముక్కుపుటాలు పొంగేలా గట్టిగా ఒక్క పీల్పు పీల్చి, "ఊఁ... నీకు నిద్ర చాలడం లేదు" అనో, "పొద్దున్నే ఎవరితోనో గొడవపడి వచ్చావు" అనో తేల్చేస్తుంది. అవతలివాళ్ళు నోరు తెరిచేలోపే వాళ్ళ చెయ్యి ఆవిడ చేతిలో ఉంటుంది. భుజాన వేలాడే గళ్ళ సంచిలోంచి చిటికెన వేలంత సీసా బయటికి వస్తుంది. కొబ్బరినూనెలో కలిపిన ఏదో ఒక తైలం మణికట్టు మీద పడుతుంది. ఇక ఆ చెయ్యి సొంతదారుకి ఎప్పుడు తిరిగొస్తుందో దేవుడికే తెలియాలి!

అమెరికాలో యూటా రాష్ట్రంలోని మా లోయవాళ్ళకి ఈ నూనెలు కొత్తేమీ కాదు. ఏ వంటింట్లో చూసినా ఉప్పు డబ్బా పక్కన లావెండర్ నూనె ఉంటుంది. తల బరువెక్కితే పుదీనా తైలం, ముక్కు దిబ్బడేస్తే నీలగిరి తైలం, ఇల్లంతా ఉల్లిపాయ కంపు కొడితే నారింజ తొక్క నూనె. కానీ అత్త దారి వేరు. "జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పొండి. బెంగొస్తే నా దగ్గరికి రండి" అనేది. రాకపోతే తనే వచ్చేది.

ఒకసారి నన్ను కారులో ఎక్కించుకుని గాలికంటే వేగంగా పోతుంటే పోలీసు ఆపాడు.

"ఎంత వేగంగా పోతున్నారో తెలుసామ్మా?"

అత్త కిటికీలోంచి మెడ సాచి అతన్ని వాసన చూసింది. "నిద్రపోయి ఎన్నాళ్ళయింది నాయనా?"

"ముందు లైసెన్సు చూపించండి."

"చూపిస్తాలే. ఎన్నాళ్ళయింది?"

అతను కాసేపు ఆకాశం వంక చూశాడు. "కవలలు పుట్టారమ్మా" అన్నాడు నీరసంగా.

"ఇద్దరూ ఒకేసారి ఏడుస్తారా? వంతులేసుకుని ఏడుస్తారా?"

"వంతులేసుకునే."

"అయ్యో నా తండ్రీ! చెయ్యిలా తే."

అంతే! ఆ ఆజానుబాహువు రోడ్డు పక్కన వంగి, కారు కిటికీలోకి చెయ్యి పెట్టి, అత్తగారింటి సంగతుల దగ్గర్నుంచి పాలపీకల దాకా అన్నీ చెప్పుకున్నాడు. అత్త మణికట్టుకి లావెండర్ మర్దనా చేస్తూ "ఊఁ, ఆపైన?" అంటూనే ఉంది. ట్రాక్టర్ల మీద పోయేవాళ్ళు ఆగి మరీ చూశారు. మా అత్తే పోలీసును పట్టుకుందని ఆ సాయంత్రానికి ఊరంతా చెప్పుకున్నారు.

ఇక ఆవిడ ఇంట్లో గదికో డిఫ్యూజర్. నీళ్ళలో నూనె వేస్తే సువాసనని పొగమంచులా చిమ్మే పింగాణీ బుడ్డి అది. కొన్ని చుక్కలు చాలని సీసా మీద రాసి ఉంటుంది. అత్త సీసానే బోర్లించేది. పార్సిళ్ళు తెచ్చే మనిషి డబ్బా గుమ్మంలో పడేసి, కళ్ళు తుడుచుకుంటూ పరిగెత్తేవాడు.

"అక్కా, ఈ ఇంట్లో ఈగ కూడా బతకదే!" అని మా నాన్న మొత్తుకునేవాడు.

"ఈగ బతికితే ఎంత, బతక్కపోతే ఎంత? కూర్చో. నీ వాసన బాగాలేదు. మళ్ళీ జెనీల్ మీద అరిచావు కదూ?"

జెనీల్ అంటే నేనే. ఆయన నిజంగానే అరిచి ఉండేవాడు. ఆ ముక్కు మహిమకి మేమంతా నివ్వెరపోయేవాళ్ళం.

గొర్రెల లామర్ పోయినప్పటి సంగతి చెప్పకుండా ఉండలేను. ఆయన బతికినన్నాళ్ళూ కంచె తగాదా పెట్టుకోని పొరుగువాడు లేడు. అంత్యక్రియలకి చర్చిలో అందరూ గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. అత్త పూలగుత్తుల వెనక ఒక పెద్ద డిఫ్యూజర్ పెట్టి, అందులో లవంగ నూనె, పుదీనా తైలం దట్టించింది. ప్రార్థన సగం కాకముందే మొదలైంది ఏడుపు! లామర్ పేరెత్తితే పళ్ళు నూరేవాళ్ళు కూడా వెక్కివెక్కి ఏడ్చారు. బిషప్పు గారు మాట పెగలక ఆగిపోయారు. లామర్ కూతురు అత్తని వాటేసుకుని, "నాన్నంటే అందరికీ ఇంత ప్రేమని నాకు తెలియనే తెలియదు థెల్డా పిన్నీ!" అంది.

"పైకి చెప్పుకోరమ్మా" అంది అత్త, ఏమాత్రం తొణక్కుండా.

ఆవిడకి లొంగని మనిషి ఒక్కడే. ఎదురింటి ఓర్వల్ మాడ్సెన్. టర్కీ కోళ్ళు పెంచి పెంచి ఆయన గొంతు కూడా అలాగే అయిపోయింది. భార్య పోయాక కోళ్ళు అమ్మేసి, తలుపేసుకుని కూర్చున్నాడు. చర్చికి రాడు, కొట్టుకి రాడు. అత్త మాత్రం రోజూ పొద్దున్నే వీధి దాటి వెళ్ళి తలుపు బాదేది. ఆ రగడ మా వీధికంతటికీ సుప్రభాతం.

"ఓర్వల్ గారూ, తలుపు తియ్యండి!"

"చచ్చిపోయాను. వెళ్ళమ్మా."

"చచ్చినాయన గొంతు భలే ఉందే! తియ్యండి, ఇవాళ దేవదారు నూనె తెచ్చాను."

"నిన్న తెచ్చిన కంపే ఇంకా వదల్లేదు!"

"తియ్యకపోతే కిటికీలోంచి వస్తా. నా ఒళ్ళు చూశారుగా, కిటికీ ఊడొస్తుంది."

తలుపు తెరుచుకునేది. ఓర్వల్ ఊరినీ, నూనెల్నీ, వాటిని కనిపెట్టినవాణ్ణీ తిడుతూ వరండాలో కూర్చునేవాడు. తుమ్ముల మీద తుమ్ములు. ఒక్కటి మాత్రం నాకు విచిత్రంగా ఉండేది. తిట్లు మొదలుపెట్టేసరికే ఆయన చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచి ఉండేది!

ఆ జూలైలో మా ఊరి పండుగకి చర్చి హాల్లో అత్త చేత నూనెల ప్రదర్శన పెట్టించారు. అబ్బ, ఎంత సంబరమో! అత్త కొత్త గౌను కుట్టించుకుంది. ఊరి ఆడవాళ్ళు ఆకుపచ్చ జెల్లీలూ కుకీలూ బల్లల నిండా పేర్చారు. వీటన్నింటికంటే పెద్ద విశేషం, ఓర్వల్ వచ్చాడు! భార్య పోయాక ఆయన వాకిలి దాటడం అదే మొదలు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని, ఆఖరి వరసలో కూర్చున్నాడు.

అత్త డిఫ్యూజర్ బుడ్లన్నీ ఒకేసారి ఆన్ చేసింది. ఆ ఘాటుకి జనం దగ్గుతుంటే పండుగ కమిటీ పెద్ద మార్వా గారు వెనక తలుపులు బార్లా తీయించింది. కొంప ముంచింది ఆ తలుపే. తెర పక్కన దీపాలు చూసుకుంటూ నిలబడ్డ నా కాళ్ళ దగ్గర్నుంచి, పిల్లిపాటి జంతువొకటి తీరిగ్గా వేదిక మీదికి నడిచింది. ఒళ్ళంతా నలుపు, వీపు మీద తెల్లచార. స్కంకు! నేను కొయ్యబారిపోయాను. ఇంతలో ఎవరి కుక్కో మొరిగింది. స్కంకు తోకెత్తి కంపు చిమ్మింది.

ఆ కంపు ఎలా ఉంటుందంటే, కుళ్ళిన వెల్లుల్లినీ కాలిన టైరునీ కలిపి ముక్కులో కూరినట్టుంటుంది. మొదటి వరస లేచింది. రెండో వరస వాళ్ళ మీదుగా దూకింది. జెల్లీలు గాల్లోకి లేచాయి. బిషప్పు గారు కిటికీ ఎక్కారు.

వేదిక మీద అత్త కళ్ళు మూసుకుని, చేతులు చాచి నిలబడి ఉంది. "అదీ! అలాగే గుండెల నిండా పీల్చండి! తోటలో నడుస్తున్నట్టు లేదూ? ఇంకొక్కసారి... నిదానంగా..."

"అత్తా! బయటికి రా!" అని అరిచాను ముక్కు మూసుకుని.

అత్త కళ్ళు తెరిచింది. హాలు ఖాళీ. "అదేమిటే? అందరూ ఏరీ?"

"ఆ వాసనేంటో తెలియడం లేదా?"

"తెలియకేం? లావెండరేగా, ఘుమఘుమలాడిపోతోంది!"

అప్పుడు కనిపించింది ఆవిడకి, పాదాల దగ్గర తోకెత్తి నిలబడ్డ స్కంకు. ఆవిడ ముఖంలో రంగు పోయింది. జంతువుని చూసి కాదు.

బయట పచ్చిక మీద ఊరంతా దగ్గుతోంది. అత్త మెట్ల మీద నిలబడి, ఎవరూ అడక్కముందే చెప్పేసింది. "నాకు వాసన రాదు. పెద్ద జలుబొకటి చేసి, అది పోతూ పోతూ ముక్కునీ పట్టుకుపోయింది. గులాబీ అయినా గొర్రె అయినా నాకొకటే."

"మరి మమ్మల్ని పీల్చి పీల్చి చెప్పిందంతా?" అంది మార్వా గారు. "ఇన్నాళ్ళూ మమ్మల్ని వెర్రివాళ్ళని చేశావా థెల్డా?"

అత్త గళ్ళ సంచి నా చేతిలో పెట్టి ఇంటిదారి పట్టింది.

నేను వెనకే పరిగెత్తాను. వంటింట్లో ఆవిడ బుడ్లన్నీ అట్టపెట్టెలో సర్దుతోంది.

"అత్తా, నా నిశ్చితార్థం తప్పిపోయిన రోజు నేనెవరికీ చెప్పకముందే వచ్చి, దిగులు వాసనేస్తోందన్నావు. ఎలా?"

"కళ్ళు వాచి ఉన్నాయిగా. చూస్తే తెలియదా?"

"చూసి తెలుసుకునేదానివి చూసే చెప్పొచ్చుగా! ఈ నూనెలెందుకు?"

అత్త పెట్టె పక్కన కూలబడింది. "మీ మామయ్య పోయినప్పుడు ఊరంతా వచ్చింది జెనీల్. ఎంత మంచివాళ్ళో! జున్ను వేసిన బంగాళాదుంపల కూర గిన్నెలు గిన్నెలు తెచ్చారు. 'ఎలా ఉన్నావ్ థెల్డా?' అన్నారు. 'బాగానే ఉన్నా' అన్నాను. వెళ్ళిపోయారు. ఫ్రిజ్ నిండిపోయింది గానీ నా చెయ్యి ఒక్కళ్ళూ పట్టుకోలేదే. పట్టుకోవాలంటే ఏదో ఒక వంక ఉండాలి కదా. నూనె రాస్తానంటే ఎవరైనా చెయ్యిస్తారు. ఆ నూనె ఇంకేదాకా వదలక్కర్లేదు. ఆలోపు వాళ్ళే చెబుతారు, ఎందుకు బాగాలేదో."

ఆవిడ లేచి మళ్ళీ సర్దడం మొదలుపెట్టింది. "అయిపోయిందిలే. ఇక ఎవరిస్తారు చెయ్యి?"

మర్నాడు పొద్దున్న మా వీధిలో సుప్రభాతం లేదు. నేను అత్తకి గుడ్లు వేయిస్తుంటే, వీధి తలుపు దబదబా మోగింది.

"ఏమమ్మా థెల్డా! తలుపు తియ్యి!"

ఓర్వల్! అత్త తలుపు దగ్గరికెళ్ళింది గానీ తియ్యలేదు. "వెళ్ళండి ఓర్వల్ గారూ. నేను మోసగత్తెని. నాకు వాసన రాదు."

"అది నాకెప్పుడో తెలుసు. తియ్యి."

తలుపు చటుక్కున తెరుచుకుంది. "ఎప్పుడు తెలుసు?"

"మా ఆవిడ పోయిన ఏడాది చలికాలంలో. సాంబ్రాణి తైలమని చెప్పి, నా చేతులకి కుట్టుమిషన్ నూనె రాశావు. అదీ ఒక పూట కాదు, వారమంతా!"

"అయ్యయ్యో!" అత్త బుగ్గలు నొక్కుకుంది. "మిషన్ నూనా! మరి చెప్పలేదేం?"

"చెబితే సిగ్గుపడి మర్నాడు రావు కదా" అన్నాడు ఓర్వల్, గడపకేసి చూస్తూ. "అయినా తప్పేం లేదులే. ఆ వారం కీళ్ళు కిర్రుమనకుండా ఆడాయి."

అత్త పకపకా నవ్వింది. నవ్వుతూనే ఆయన్ని లోపలికి లాక్కొచ్చి కుర్చీలో కూలేసి, చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని మర్దనా మొదలుపెట్టింది. ఆయన రాత్రి నిద్రపట్టలేదన్నాడు. భార్య పెట్టిన చిలగడదుంప పాదుకి పురుగు పట్టిందన్నాడు. అత్త "ఊఁ, ఆపైన?" అంటోంది. చాలాసేపటికి గమనించాను, బల్ల మీద సీసా లేదు. గళ్ళ సంచి నా దగ్గరే ఉండిపోయింది.

"అత్తా, నూనె తేనా?" అన్నాను.

"నీ గుడ్లు మాడిపోతున్నాయి, చూసుకో!" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.