నాసి గోరెంగ్ ప్లేటు అంచున కీర ముక్కలు

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పని చేస్తాను. రిపోర్టులో లేని జబ్బు ఒంట్లో లేదనుకునే రకాన్ని. పోయినవాళ్లు కాకి రూపంలో వచ్చి తింటారని మా ముదిగొండలో అందరూ నమ్ముతారు. మెతుకులు కనబడితే కాకి రాక కొంగ వస్తుందా అని నేను వెక్కిరించేదాన్ని.

ఆ రోజు నాన్న సంవత్సరీకం. అమ్మా నేనూ కిరాయి కారులో భద్రాచలం వెళ్లి గోదావరి ఒడ్డున ఆయన పేర అన్నం పెట్టాం. విస్తరి నేల మీద పెట్టీ పెట్టకముందే కాకులు వాలాయి. "మీ నాయన ఎప్పుడూ గంతే, ఆకలికి ఆగడు" అని అమ్మ నవ్వింది.

మా తమ్ముడు శ్రీను సంగతి ఇక్కడ చెప్పాలి. సత్తుపల్లి బొగ్గు గనుల్లో ఒక కాంట్రాక్టరు కింద డంపర్ నడిపేవాడు. ఏజెంటు మాట నమ్మి ఇండోనేషియా గనులకు వెళ్లాడు. మొదట్లో రోజూ ఫోన్ చేసేవాడు. "నాసి గోరెంగ్ తిన్ననమ్మా" అంటే అమ్మకు ఒళ్లు మండేది. "నాసిదంట, గోరి అంట! తినే కూటికి గవేం పేర్లురా?" అనేది. మన వేయించిన అన్నమేనని వాడు నవ్వేవాడు.

తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. కంపెనీ మారాడని ఏజెంటు ఒకసారి చెప్పాడు. మళ్లీ అడిగితే ఫోన్ ఎత్తడు. వాడు లేడేమో అని ఎవరైనా నోరు జారితే అమ్మ వాళ్లను మళ్లీ గడప తొక్కనివ్వదు. మా మేనత్తతో మాటలు పోయింది అందుకే.

తిరుగు దారిలో వంతెన దాటాక రోడ్డు పక్కన ఒక ఫుడ్ ట్రక్కు కనబడింది. ఇండోనేషియా వంటకాలని బోర్డు ఉంది. నేను పైకి చదివానో లేదో అమ్మ కారు ఆపించింది.

"నా కొడుకు ఏం తింటుండో నేనూ తింట బిడ్డా" అంది.

ట్రక్కాయన అక్కడి హోటళ్లలో పని చేసి వచ్చాడట. వేయించిన అన్నం మీద గుడ్డు, పక్కన రొయ్యల అప్పడం, కీర ముక్కలు పెట్టి ఇచ్చాడు. అమ్మ ఒక ముద్ద తిని మొహం చిట్లించింది.

"తియ్యగున్నది గదయ్యా! కారం తినే పిలగాడు, ఇదెట్ల తింటుండో!"

"మొదట గట్లనే ఉంటదమ్మా. అలవాటైతే ఇడువరు" అన్నాడాయన.

అమ్మ కళ్లు తుడుచుకుంది. ప్లేటు బల్ల మీదే వదిలి చేయి కడుక్కోవడానికి లేచింది. అప్పుడు వాలింది కాకి. ఒక్కటే.

పక్క బల్లల కింద కాల్చిన కోడి ముక్కలు పడి ఉన్నాయి. వాటి జోలికి పోలేదు. మా ప్లేటులో గుడ్డునూ ముట్టలేదు. ముందు ఒక కీర ముక్కను ముక్కుతో పట్టి ప్లేటు అంచుకు జరిపింది. ఇంకొకటి జరిపింది. అన్నీ అంచున వరసగా పెట్టాక అప్పుడు అన్నం తినసాగింది.

శ్రీను చిన్నప్పుడు చేదు కీర తిని వాంతి చేసుకున్నాడు. అప్పటి నుంచి ఎక్కడ తిన్నా వాడు మొదట చేసే పని ఇదే. పెళ్లిళ్లలో విస్తరి అంచున కీర వరస చూసి, శ్రీను ఇక్కడే తిన్నాడని చెప్పేవాళ్లం. "వడ్డించినోళ్ల మొహం మీదనే పక్కకు పెడ్తవేందిరా" అని అమ్మ తిట్టేది.

నేను అమ్మ వైపు చూశాను. కన్నకొడుకు తింటుంటే చూసే తల్లిలా ఒక్క క్షణం ఆమె మొహం వెలిగింది. వెంటనే పాలిపోయింది. కాకి రూపంలో తింటున్నది శ్రీను అయితే, శ్రీను లేనట్టే.

"పో! నా కొడుకు బతికున్నడు! పో ఈడికెళ్లి!"

కాలి చెప్పు తీసి విసిరింది. ప్లేటు బోర్లాపడి అన్నం దుమ్ములో కలిసింది. కాకి ఎగిరి ట్రక్కు మీద కూర్చుంది. కింద అన్నాన్ని చూసింది, అమ్మను చూసింది. అరవలేదు. ట్రక్కాయన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అమ్మ రెండో చెప్పు కూడా విసిరింది. అప్పుడది అడవి వైపు వెళ్లిపోయింది. తింటున్న కుక్కను కూడా అదిలించనివ్వని మనిషి మా అమ్మ.

కాకులకు కీర పడదేమోనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇంటికొచ్చాక పిట్టగోడ మీద పెట్టి చూశాను. మా ఇంటి కాకులు ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నాయి. మరి ఆ కాకి ఎందుకలా చేసిందో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. శ్రీను నుంచి ఇప్పటికీ ఏ కబురూ లేదు.

ఆ రోజు కారులో పాల్వంచ దాటాక, "వాడు బతికే ఉన్నడు బిడ్డా" అంది.

"అవ్ అమ్మా" అన్నాను.

ఇంకొంచెం దూరం వెళ్లాక, ఒడిలో ఉన్న తన చేతుల వైపు చూసుకుంటూ మెల్లగా అంది.

"కడుపు నిండకముందే అన్నం కాడ నుంచి లేపిన బిడ్డా, వాణ్ని."