నాలుగు పొయ్యిల పొగ

నా చిన్నప్పుడు మా అవ్వ ఊళ్లో మా అవ్వ ఒక్కతే ఉండేది. రొద్దం దగ్గర మెట్ట పల్లె అది. వరసగా వానలు తప్పాక జనం కొందరు హిందూపురానికి కూలికి, కొందరు ధర్మవరం మగ్గాల దగ్గరికి వెళ్లిపోయారు. పన్నెండు ఇళ్లకు పదకొండు తాళాలు. మళ్లీ వస్తామని చెప్పి వాళ్లు ఇచ్చిపోయిన తాళంచెవులన్నీ అవ్వ నడుముకే వేలాడేవి.

మా నాయన సోమందేపల్లిలో రోడ్డు పక్కన అంగడి పెట్టుకున్నాడు. అవ్వను రమ్మని పిలిచి పిలిచి విసిగి, చివరికి ఒక మాట అన్నాడు. "ఇప్పుడు జనాభా లెక్కలకు బడి అయ్యవారు వస్తాడు. ఊర్లో నాలుగిండ్లోళ్లు ఉండారని రాసుకుంటే నిన్ను ఇంక అడగను. ఒక్కదానివే అని రాస్తే నా ఎంబడి రావాల." గెలిచే పందెమే కదా అని ఆయన ధీమా. అవ్వ ఒప్పుకుంది. తోడుగా ఉండమని నన్ను అక్కడ వదిలి ఆయన వెళ్లిపోయాడు.

లెక్కల రోజు పొద్దున్నే అవ్వ తాళాలు తీసింది. మా ఇల్లు కాక ఇంకో మూడిళ్లలో పొయ్యిలు రాజేసి, కుండలతో నీళ్లు పెట్టింది. తన చీరలే తీసి దండేల మీద ఆరేసింది. నాకు భలే సంబరంగా ఉండింది. పుల్లలు అందించింది నేనే. "అయ్యవారు అడిగితే అందరూ కూలికి పోయినారని చెప్పు పాపా" అంది.

సైకిలు మీద వచ్చిన ముసలి అయ్యవారు పొగ చూసి నమ్మాడు. అవ్వ ఇంటింటి వాళ్ల పేర్లూ వయసులూ తడుముకోకుండా చెప్తూ ఉంటే రాసుకున్నాడు. అన్నీ అయ్యాక నా వైపు తిరిగి, ఏం చదువుతాండావని అడిగాడు. రెండో తరగతి అన్నాను. అయ్యవార్లకు అబద్ధం చెప్పకూడదని మా బళ్లో నేర్పారు. అది గుర్తొచ్చింది. మెచ్చుకుంటాడని ఆశ కూడా.

"ఈడ ఎవురూ లేరు సార్. కుండల్లో ఉత్త నీళ్లే కాగుతాండాయి" అన్నాను.

ఆయన కలం ఆగింది. కోప్పడలేదు. "ఉండేవాళ్లనే రాయాల అవ్వా. పోయినోళ్లను పోయిన చోట రాసుకుంటారు" అని ఒక్కో పేరూ కొట్టేశాడు. అవ్వ పేరు ఒక్కటే మిగిలింది.

"బిడ్డ చెప్పింది నిజమే. రాసుకో నాయనా" అంది అవ్వ.

ఆయన వెళ్లాక నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. కాగిన నీళ్లు పొయ్యిల్లో పోసి ఆర్పింది. తాళాలు వేసేటప్పుడు మాత్రం ఒక్కో తలుపు దగ్గర కాసేపు నిలబడింది.

ఆ వారమే నాయన వచ్చి అవ్వను తీసుకుపోయాడు. సోమందేపల్లి అంగడి ముందు బస్సులు చూస్తూ కూర్చునేది. ఎవరైనా మా ఊరివాళ్లు దిగితే తాళంచెవి ఇవ్వాలని ఆమె ఆశ. ఎవరూ దిగలేదు. చెనక్కాయ పెరికే కాలం రాకముందే అవ్వ చనిపోయింది. వయసు మీద పడింది కదా అన్నారందరూ.

పెద్దయ్యాక నేనూ టీచరునై ధర్మవరంలో, పెనుకొండలో జనాభా లెక్కలు రాశాను. ఒంటరి ముసలివాళ్ల ఇంట్లో రాయాల్సింది రాసుకుని, కాగితం మడిచి, వెళ్లిపోయిన వాళ్ల పేర్లు కూడా చెప్పమనేదాన్ని. ఎంత ఆలస్యమైనా అన్నీ వినేదాన్ని. పిల్లలకు నిజమే చెప్పమని నేర్పాను. దానితోపాటు ఇంకేం నేర్పాలో నాకే తెలియలేదు.

తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఇప్పుడు జిల్లా కూడా కొత్తది. మా అవ్వ ఊరు మాత్రం ప్రతి పట్టికలోనూ ఉంటుంది, బేచిరాకు గ్రామమని, అంటే దీపం పెట్టేవాళ్లు లేని ఊరని. జనాభా గడిలో ఒక చిన్న గీత. తాళంచెవుల గుత్తి నా బీరువాలో ఉంది. అవ్వ చనిపోయాక నాయన దాన్ని నాకే ఇచ్చాడు.