ఆ పిల్ల ఆగిన చోట

తాండూరులో మా బడి పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండిపెడతాను నేను. నాటకం నేర్పే సారు పోయినేడు కొత్తగా వచ్చాడు. మా నాన్న బషీరాబాదు వైపు ఊళ్లలో భాగవతాలు ఆడేవాడని ఆయనకు ఎవరో చెప్పినట్టున్నారు. గిన్నెలు కడుగుతుంటే వచ్చి, "పెద్దమ్మా, మీరు గూడ నాటకం నేర్పే కాడికి రాండ్రి. పిల్లలకు జర ధైర్యముంటది" అన్నాడు. చేతులు కొంగుకు తుడుచుకుని వెంటనే పోయాను.

మా నాన్న ఆటలో వేషగాళ్ల వెనక వంతవాళ్లు నిలబడేవాళ్లు. ముందున్నవాడు ఊపిరి కోసం ఆగితే చాలు, వీళ్లు పాటను గట్టిగా అందుకునేవాళ్లు. చిన్నప్పుడు నేనూ వాళ్ల పక్కన నిలబడి అందుకునేదాన్ని. ఆట నడుమ చప్పుడు ఆగిపోతే మా నాన్నకు ప్రాణం పోయినట్టుండేది.

జిల్లా నాటకాల పోటీకి పిల్లలను తయారుచేస్తున్నా, ఈ సారు మాటలు రాసివ్వడు. "మీ ఇంట్ల జరిగేదే తెండ్రి" అంటాడు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె తన తండ్రి సంగతే తెచ్చింది. బండల పాలిష్ మిషన్ల దగ్గర పనిచేసి చేసి ఆయన చెవులు మందగించాయి. పిల్ల మూడుసార్లు పిలుస్తుంది, తండ్రికి వినబడదు. అదీ ఆట.

"గింత మెల్లగ పిలిస్తే ఫస్టు ప్రైజు ఎట్లొస్తది సారూ?" అన్నాను.

"ప్రైజు సంగతి ఇడిసిపెట్టుండ్రి పెద్దమ్మా. ఇంట్ల చెప్పుకోలేంది ఈ పిల్ల ఈడ చెప్పుకుంటే సాలు నాకు."

తలూపాను గానీ నా మనసంతా ప్రైజు మీదే ఉంది. చివరి భాగం నేర్పే వేళకు నేను ఎప్పుడూ పొయ్యి దగ్గరే ఉండేదాన్ని.

పోటీ వికారాబాదులో. బస్సులో ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, "మా నాయిన వస్తుండు పెద్దమ్మా. ఎన్నడు రాలే" అంది.

"ఆయనకు ఇనబడదు గద బిడ్డా?"

"ఇనబడకుంటేంది? సూస్తడు."

నేను తెర వెనక నిలబడ్డాను. పిల్ల మూడుసార్లు పిలిచింది. తండ్రి వేషం వేసిన పిల్లవాడు తిరగలేదు. అప్పుడామె జనం వైపు, ఎదురుగా కూర్చున్న తన తండ్రి వైపు తిరిగి ఆగిపోయింది. చేతులు వేలాడేసుకుని చూస్తూ ఉంది. హాలంతా నిశ్శబ్దం. అయ్యో, మాట మరిచిపోయింది అనుకున్నాను. నా గొంతు నన్ను అడగలేదు.

"నాయినా... నాతోని మాట్లాడవా నాయినా..." అని రాగం తీసి అందుకున్నాను.

"ఎవల్రా రేడియో పెట్టింది?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. హాలంతా నవ్వు.

తండ్రికి నా గొంతు వినబడలేదు. ఆయనకు కనబడింది ఒక్కటే: బిడ్డ నిలబడి ఉంది, అందరూ నవ్వుతున్నారు. అటూ ఇటూ చూశాడు. తువ్వాలు భుజాన వేసుకుని లేచి వెళ్లిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు పిల్ల నా పక్కనే కూర్చుంది. దూరంగా కూర్చున్నా బాగుండేది. "నేను మర్సిపోలే పెద్దమ్మా. ఆడ మాటే లేదు" అంది. సారు తన నీళ్ల సీసా నాకు అందించాడు. తిట్టినా తేలికపడేదాన్ని.

ఆదివారం వాళ్లింటికి పోయాను. తండ్రి వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఎందుకొచ్చినవ్?" అంది పిల్ల.

"ఈడ మళ్ల చెయ్యి బిడ్డా. నేను నోరిప్ప."

నన్ను గోడ పక్కకు జరగమంది. తర్వాత తండ్రి ఎదురుగా నిలబడి మూడుసార్లు పిలిచింది. ఆగింది. నా నాలుక పైకి లేచింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన బిడ్డను చూశాడు. మెల్లగా నా వైపు తిరిగాడు, నవ్వుతున్నానేమోనని. తల దించుకున్నాను.

మంచం మీద పక్కకు జరిగాడు. "ఏంది బిడ్డా? గిట్ల రా. చెవుల చెప్పు" అన్నాడు.

పిల్ల ఆయన చెవి దగ్గరికి వంగింది. నేను చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి నడిచాను. ఆమె ఏం చెప్పిందో నాకు వినబడలేదు.