మేకల దొడ్డి మీది సాక్షి

ఆ రోజుల్లో నేను నవ్వినందుకు జీతం తీసుకునేవాణ్ని. పూర్తి జీతం కాదు, గొడవంతా అక్కడే వచ్చింది. ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి గుమ్మం దగ్గర చేతులు జోడించి నిలబడడం, వచ్చినవాళ్లకు చీరలు పరచడం, కొనకుండా పోయినవాళ్లు వదిలేసినవి మడతపెట్టడం నా ఉద్యోగం. మా షావుకారు గల్లాపెట్టె వెనకనుంచి గంటకోసారి "నవ్వురా, పండ్లు కనపడాల!" అని కేకేసేవాడు. జీతం చీటీ అడిగితే మాత్రం "మనలో మనకు చీట్లేందప్పా, నువ్వు ఇంటోనివి" అని భుజం తట్టేవాడు. (ఇంటివాణ్ని కదా, పండగపూట భోజనానికి పిలుస్తాడనుకున్నాను. టీ ఇచ్చాడు. అర కప్పు.) దసరాకు మోడల్ ఖర్చు దండగని నా ఫొటోతోనే ఫ్లెక్సీ వేయించి, పైన అంగడి పేరు, కింద 'మీ సేవలో మా సిబ్బంది' అని రాయించాడు.

చీర కొనడానికి వచ్చిన ఒక టీచరమ్మ నా జీతమెంతో అడిగి, "కనీస వేతనం కూడా లేదు గదా నాయనా! లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టు" అంది. డిగ్రీ ఆఖరి ఏడాది ఫీజు గడువుకు ఇరవై రోజులే ఉన్నాయి. కట్టకపోతే పరీక్ష లేదు. ఆ భయం తెచ్చిన ధైర్యంతో, తక్కువిచ్చిన నెలలన్నీ తెల్లకాగితం మీద రాసి ఇచ్చేశాను. (ధైర్యం ఎంతటిదంటే, సంతకం రెండుసార్లు పెట్టాను.)

నోటీసు అందుకుని షావుకారు ఇస్త్రీ చొక్కాలో ఆఫీసుకు వచ్చాడు. "ఈ పిల్లోడా మేడమ్? మా అంగడికాడ ఫ్యాను గాలికొచ్చి కూచుంటాండె, పాపం" అన్నాడు. ఇంటివాణ్ని ఒక్క మాటతో వీధిలో పడ్డాను. ఆఫీసరమ్మ నావైపు తిరిగి, "హాజరు పుస్తకమో, ఫోన్లో మెసేజీలో, సాక్షులో, ఏదో ఒకటి చూపించు బాబూ. రేపు ఇద్దరూ రండి" అంది. తోటి పనివాళ్లను అడుగుదామా అంటే, వాళ్ల కొలువులూ ఆ గల్లాపెట్టె ముందే ఉన్నాయి.

రాజుపాలెంలో మేకలు సాకే మా మేనత్త దగ్గరికి ఏడవడానికి వెళ్లాను.

"ఏందల్లుడా, మొగం అట్ల పెట్టినావు?"

"నేను ఆడ పనే చేయలేదంటాండాడత్తా."

అత్త నెత్తిమీది గడ్డిమోపు దించి, "మరి మా దొడ్డిమింద పండ్లికిలించుకోని ఉండేదెవురు?" అంది.

తలెత్తి చూశాను. పండగయ్యాక పారేసిన ఫ్లెక్సీని, వానకు మేకల మీద కప్పుకుంటుందని నేనే తెచ్చిచ్చాను. ఎడమ చెవి మేక తినేసింది గానీ, మిగతా నేను భద్రంగా ఉన్నాను.

మర్నాడు బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు, వాసన అలాంటిది. ఆఫీసులో నేలమీద పరిచాను. ఆఫీసరమ్మ బొమ్మను చూసి, నన్ను చూసి, "ఏదీ, అట్లా చేతులు జోడించు" అంది. జోడించాను. నా ఏడుపు మొహంతో పోలిక కుదరడం లేదు. అంతలో పక్కనుంచి వినబడింది:

"నవ్వురా, పండ్లు కనపడాల!"

షావుకారే. అలవాటు. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు గానీ, ఆఫీసరమ్మ అప్పటికే రాసుకుంటోంది. బాకీ జీతమంతా వారంలో ఆమె ఎదుటే ఇచ్చి, చీటీ మీద సంతకం పెట్టాడు. నేను చూసిన మొదటి జీతం చీటీ అదే. ఫీజు కట్టాను, పరీక్ష రాశాను. (పాసైన సంగతి మర్యాదకోసం వేరే చెప్పడం లేదు.)

"నీ దుడ్లు నీకొచ్చె. నా మేకలు తడుస్తాండాయి, వాటి అర్జీ యాడ పెట్టాల?" అంది అత్త. మిగిలినదానితో టార్పాలిన్ కొనిచ్చాను.

ఫ్లెక్సీ మాత్రం ఆ ఆఫీసు బీరువా మీదే ఉండిపోయింది. ఆ దారిన పోయినప్పుడల్లా అందులోని కుర్రాడు గుర్తొస్తాడు. ఎవరేమన్నా చేతులు జోడించి, పండ్లన్నీ కనిపించేలా నవ్వుతూ విన్నాడు, పాపం. ఒక చెవైనా తగ్గింది కాబట్టి, ఇప్పుడు కాస్త సుఖంగానే ఉండుంటాడు.