అమ్మ చెప్పని పోగు

మా నాన్నకి దేవుడంటే పడదు. పుస్తకాలు చదివి తెచ్చుకున్న నాస్తికం కాదది, ఆయనకి చదువు రాదు. చిన్నప్పుడేం జరిగిందో ఎప్పుడూ చెప్పలేదు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆయన గుడి మెట్టెక్కలేదు, మొక్కు మొక్కలేదు. మా నేతగాళ్ళ వీధిలోకి ఊరేగింపు వస్తే అందరూ మగ్గాలు ఆపి బయటికి వచ్చేవాళ్ళు. మా ఇంట్లోంచి మాత్రం మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె చప్పుడు వినిపిస్తూనే ఉండేది. పల్లకీ వాళ్ళు కావాలనే మా గుమ్మం ముందు కాసేపు ఎక్కువ నిలబడేవాళ్ళు. అమ్మ సిగ్గుతో చచ్చిపోతూ వెళ్ళి హారతి పట్టి వచ్చేది. "ఎవరి పని వాళ్ళది" అనేవాడు నాన్న తల ఎత్తకుండా.

అలాంటి నాన్న, అమ్మ పోయాక నాలుగేళ్ళపాటు రోజూ అమ్మతో మాట్లాడాడు. ఆ మాటలు ఆపించినవాణ్ణి నేను. ఇంతకాలం ఎవరికీ చెప్పుకునే ముఖం లేక ఇప్పుడు కాగితానికి చెప్పుకుంటున్నాను.

మాది కాలవ గట్టు మీది ఊరు. పొద్దున్నే బెజవాడలో పడవెక్కితే పొద్దు వాలేసరికి దిగేవాళ్ళం. ఇంట్లో ముందు గదంతా మగ్గమే. గుంటలో కాళ్ళు పెట్టుకుని నాన్న నేస్తుంటే, ఎడమ పక్కన రాట్నం ముందు పీట వేసుకుని అమ్మ నాడెలో పెట్టే కండెలకి నూలు చుట్టేది. చేతులు రాట్నం మీద, కళ్ళు మగ్గం మీద. నాన్నకి నలభై నిండకుండానే చూపు మందగించింది. మగ్గం నిండా నిలువుగా పరిచిన వేల పడుగు పోగుల్లో ఒకటి తెగితే ఆయనకి ఆనేది కాదు. చూసుకోకుండా నేసుకుపోతే బట్ట పొడుగునా సన్నటి గీత పడుతుంది, ఇక ఆ చీర ఎవరూ ముట్టుకోరు. అందుకని అమ్మ "ఇదిగో, పోగు" అనేది. నాన్న నాడె ఆపి, వంగి, వేళ్ళతో తడిమి వెతికి ముడేసేవాడు. రోజుకి పది పన్నెండుసార్లు ఆ మాట వినిపించేది. మొగుడూ పెళ్ళాలు అంతకు మించి మాట్లాడుకోవడం నేను పెద్దగా వినలేదు.

జపాను బాంబులు పడతాయని బెజవాడ జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి వచ్చేసిన ఏడాది, వానాకాలంలో అమ్మ పోయింది. తొమ్మిది రోజుల జ్వరం. కర్మకాండ చెయ్యనన్నాడు నాన్న. మా మేనమామలు వచ్చి నానా రభసా చేసి నాచేత చేయించారు. నేను ఏడుస్తూ వాళ్ళు చెప్పినట్టల్లా చేశాను. నాన్న అరుగు మీద కూర్చుని కాలవకేసి చూస్తూ ఉండిపోయాడు.

పదిహేను రోజులు దాటాక మళ్ళీ మగ్గంలో కూర్చున్నాడు. నేను వంటింట్లో అన్నం వారుస్తున్నాను. "ఆఁ, చూశాలే" అన్న మాట వినిపించి, ఎవరో వచ్చారనుకుని బయటికి వచ్చాను. ఎవరూ లేరు. నాన్న వంగి తెగిన పోగు ముడేస్తున్నాడు.

"ఎవరితో నాన్నా?"

"మీ అమ్మ పోగు తెగిందంటేనూ" అన్నాడు, వాన వచ్చేట్టుంది అన్నంత మామూలుగా.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. భయమేసింది. తర్వాత అలవాటైపోయింది. కండెలు పక్కింటి పిన్ని చుట్టి ఇచ్చేది. అమ్మ పీట మాత్రం అక్కడే ఉండేది, దాని మీద ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. నేస్తూ నేస్తూ ఏదో ఒకటి చెబుతుండేవాడు. నూలు దొరకడం లేదని, పిన్ని కండెలు వదులుగా చుడుతోందని, వీడికి సంబంధం చూడాలని. తిండి బాగానే తినేవాడు. పని చక్కగా చేసేవాడు. ఆ నాలుగేళ్ళలో ఆయన నేసిన బట్టలో ఒక్క గీత పడలేదు.

ఈలోగా నేను బెజవాడ వచ్చి వన్ టౌన్‌లో బట్టల కొట్లో గుమాస్తాగా చేరాను. ఆదివారాలు సాయంత్రం గవర్నరుపేటలో ఒక డాబా మీద పదిమంది దాకా కలిసేవాళ్ళం. అందరం నాస్తికులమే. హైస్కూల్లో పాఠాలు చెప్పి మానేసిన ఒక మాస్టారు మాకు పెద్ద. అక్కడ నాకు కాస్త గౌరవం ఉండేది, ఎందుకంటే మిగతావాళ్ళంతా చదువుకుని నాస్తికులయ్యారు, నేను నాస్తికుడి కడుపున పుట్టినవాణ్ణి. ఈ ముక్క నేనే పదిసార్లు చెప్పుకుని ఉంటాను. అది పొగరని ఆ రోజుల్లో అనిపించలేదు.

ఒక ఆదివారం, దేవుడు లేడన్నవాడు ఆత్మ ఉందనొచ్చా అని చర్చ వచ్చింది. కూడదని నేను బల్ల గుద్ది చెప్పాను. మాస్టారు అడ్డం తిరిగారు.

"ఎందుక్కూడదయ్యా? లోకాన్ని పుట్టించిన దేవుడు లేడంటూనే జీవుడున్నాడన్న జైనులు మన దేశంలో లేరా? రెండూ రెండు ప్రశ్నలు. ఒకదానికి లేదు అన్నంత మాత్రాన రెండోదానికీ లేదు అనాలనేం లేదు. నా మట్టుకు నాకు రెండూ లేవు. కానీ ఉందన్నవాణ్ణి నాస్తికుడు కాదని వెళ్ళగొట్టను."

నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలో నోరు జారి, మా నాన్నని చూశాకే ఈ బలహీనత ఎంత ప్రమాదమో తెలిసిందని, ఆయన అమ్మతో మాట్లాడతాడని చెప్పేశాను. ఒక కుర్ర ప్లీడరు నవ్వి, "అయితే మీ నాన్నగారు దేవుణ్ణి బయటికి పంపించి ఆవిణ్ణి ఇంట్లో పెట్టుకున్నారన్నమాట" అన్నాడు. అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. అన్నవాడి మీద రావాల్సిన కోపం నాన్న మీదికి వచ్చింది.

ఆ వారమే సెలవు పెట్టి ఊరికి వెళ్ళాను. అన్నాలు తిని కూర్చున్నాక మొదలుపెట్టాను.

"దేవుడు లేడంటావు గదా, మరి అమ్మ ఎక్కడ నుంచి వస్తోంది?"

"ఎక్కడికైనా వెడితే కదరా రావడానికి."

"మనిషి పోయాక ఏమీ మిగలదు నాన్నా. ఆత్మ అనేది లేదు."

"ఆత్మ అని నేనెప్పుడన్నాను? మీ అమ్మ అన్నాను." మగ్గంకేసి చెయ్యి చూపించాడు. "ఆ మగ్గం మా తాత పెట్టింది. ఒక పడుగు నేత అయిపోతే కొత్త పడుగు పోగులు తెచ్చి పాత కొసలకే అతుకుతాం గదా, ఒక్కోదానికి ఒక్కోటి. మా తాత పోగు ఇప్పుడక్కడ వెతికితే దొరుకుద్దా? దొరకదు. అలాగని ఎక్కడన్నా తెగిందా? అదీ లేదు. దాన్నేమంటారో మీ బెజవాడ వాళ్ళనడుగు."

అక్కడితో ఊరుకుంటే పోయేది. మర్నాడు నాన్న పొద్దున పని మధ్యలో లేచి కాలవకి వెళ్ళినప్పుడు, మగ్గం వెనక వంగి, కుడి అంచు దగ్గర ఒక పోగు తెంపాను. వేలితో పట్టుకుని లాగితే చప్పుడు కూడా కాలేదు. ఆ రోజు మబ్బు పట్టి ఉంది, గదిలో వెలుతురు అంతంతమాత్రం. నాన్న వచ్చి గుంటలో దిగి నేత మొదలుపెట్టాడు. నేను గోడకి ఆనుకుని కూర్చున్నాను.

జానెడు నేశాడు. మూరెడు నేశాడు. మధ్యలో అమ్మతో పిన్ని కూతురి పురుడు సంగతేదో చెప్పాడు. గీత నాకు కనిపిస్తూనే ఉంది. ఆపమని నాలోనే ఎవరో అంటున్నా, గెలవబోతున్నానన్న సంతోషం నన్ను లేవనివ్వలేదు. ఇంకో మూర అయ్యాక అన్నాను.

"నాన్నా, కుడి అంచు చూడు."

ఆయన నాడె ఆపి వేలితో తడిమాడు. వేలు గీత వెంబడి వెనక్కి వచ్చింది, ఇంకా వెనక్కి వచ్చింది.

"నేనే తెంపాను. అమ్మ ఉంటే చెప్పాలి గదా. ఇన్నాళ్ళూ నేస్తుండగా పోగు తెగితే నీ వేళ్ళకే తెలిసేది నాన్నా, అమ్మ చెప్పిందనుకున్నావు."

కొడతాడనుకున్నాను. తిడితే వాదించడానికి సిద్ధంగా ఉన్నాను. నాన్న ఎడమ పక్క పీటకేసి ఒకసారి చూశాడు. తర్వాత నేసిందంతా విప్పడం మొదలుపెట్టాడు. రెండు మూరల పైచిలుకు బట్ట, ఒక్కో అడ్డపోగే వెనక్కి లాగుతూ, మధ్యాహ్నం అన్నానికి కూడా లేవకుండా విప్పాడు. నేను సాయం పడతానంటే వద్దని చెయ్యి ఊపాడు. తెగిన చోటికి వచ్చాక ముడేసుకుని మళ్ళీ నేశాడు. తర్వాత నాతో మాట్లాడాడు, పిన్నితో మాట్లాడాడు, అమ్మతో మాత్రం మాట్లాడలేదు.

బెజవాడ వెళ్ళి ఈ ఘనకార్యం మాస్టారికి చెప్పాను. మెచ్చుకుంటారనే చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు.

"అమ్మ ఉందో లేదో తేల్చమని ఆయన నిన్నడిగారా?" అన్నారు.

"లేదండీ."

"మరి ఎవరడిగారయ్యా?"

ఆ ప్లీడరు నవ్వు గుర్తొచ్చింది. తర్వాత రెండు మూడు ఆదివారాలు డాబా మెట్ల దాకా వెళ్ళి తిరిగి వచ్చేశాను.

పండక్కో పబ్బానికో కాకుండా నెలకోసారి ఊరికి పోవడం మొదలుపెట్టాను. వెళ్ళినప్పుడల్లా నాన్న బట్టలో ఎక్కడో ఒకచోట గీత కనిపించేది. ఒకసారి ధైర్యం చేసి అమ్మ పీట దగ్గర నిలబడి, కూర్చోనా అన్నాను. "కూర్చో. ఖాళీయేగా" అన్నాడు. కూర్చుని నాకు చేతనైనంత చూస్తూ, పోగు తెగినప్పుడు "నాన్నా, పోగు" అనేవాణ్ణి. "ఊఁ" అని ముడేసేవాడు. ఒక్కసారి కూడా నా వైపు తిరిగేవాడు కాదు.

చివరికి సిగ్గు విడిచి చెప్పాను. "ఆరోజు నేను చెప్పింది తప్పు నాన్నా. నాకేం తెలుసు? అమ్మ ఉండే ఉంటుంది. నేను తెంపానని నీకు చెబితే నన్ను కొడతావని ఊరుకుందేమో."

నాన్న నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం లేదు, అదే నాకు భరించరానిదైంది. "నా కోసం అబద్ధాలాడకురా. నువ్వు చెప్పింది సబబుగానే ఉంది. నాకే ముందు తట్టలేదు" అన్నాడు. పైగా నన్ను ఓదారుస్తున్నట్టు భుజం తట్టాడు. నేను నేర్పిన పాఠం నాకే ఇలా అప్పజెబుతుంటే ఏం చెయ్యను? వాదనతో తీసింది వాదనతో తిరిగి పెట్టొచ్చని అనుకున్నాను. నాకున్న తెలివంతా ఖర్చు పెట్టినా అమ్మతో ఆయన మాటల్లో ఒక్కటీ వెనక్కి రాలేదు.

నేను ఆ పోగు తెంపిన రెండేళ్ళకి, స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడాది వానల్లో నాన్నకి ఆయాసం ఎక్కువైంది. పడవలో బెజవాడ తీసుకువచ్చి ఆసుపత్రిలో చూపించాను. డాక్టరు గారు చిన్నవాడే, మర్యాదగా ఉన్నాడు. నాన్న వీపు మీద గొట్టం పెట్టి విన్నాక కాగితం ముందేసుకుని ఒక్కొక్కటే అడుగుతున్నాడు. వయసు, వృత్తి, ఆయాసం ఎప్పటి నుంచి, పొగ తాగుతారా. నాన్న ఆగి ఆగి జవాబిస్తున్నాడు.

"ఇంట్లో పథ్యం చేసి పెట్టడానికి ఆడవాళ్ళెవరున్నారండీ?"

"ఎవరూ లేరండి. మా ఆడమనిషి పోయిందండి."

"అయ్యో. ఎన్నాళ్ళయింది?"

నాన్న ఊపిరి కూడదీసుకున్నాడు. "రెండేళ్ళయిందండి" అన్నాడు.

ఆరేళ్ళు నాన్నా, అనబోయాను. నోరు తెరిచాను కూడా. నాన్న మతిమరుపుతో అన్న మాట కాదది, ఆయన ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

ముసలాయన లెక్క తప్పారేమోనని డాక్టరు గారు కలం ఆపి నాకేసి చూశాడు. "రెండేళ్ళేనా అండీ?"

"అవునండీ" అన్నాను.