ప్లైవుడ్ గోడకి అటూ ఇటూ

మా వదిన పదిహేడేళ్లుగా చెవి మిషన్లు బాగుచేస్తోంది. అదే గదిలో పక్క బల్ల దగ్గర మా అన్నయ్య, ఆ మిషన్‌ని మనిషి చెవికి తగ్గట్టు ఫోనులోని ప్రోగ్రాముతో సర్దేవాడు. ఆమె విప్పి, తుడిచి, బిగించి "ఏవండీ, పట్టుకోండి" అని అందించేది. పది నిమిషాల్లో మనిషి వింటూ ఇంటికి పోయేవాడు.

అంత పెద్ద కంపెనీ ఒక్కటిగా ఉండకూడదని పైవాళ్లకి తోచింది. మిషన్లది ఒక వ్యాపారం, ఫోను ప్రోగ్రాములది ఇంకోటి.

"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా? వేరుపడితేనే రెండూ బాగుపడతాయి" అని అన్నయ్య ఇంట్లో ఉపన్యాసం.

"కలిసున్నప్పుడు మాత్రం మన కంపెనీ మహా పతివ్రతా? మూత విరిగితే కొత్త మిషన్ అంటగట్టలేదూ? విడదీస్తే విడదీయనివ్వండి. వచ్చినవాడి చెవిని మాత్రం విడదీయలేరుగా" అంది వదిన.

గది మధ్యలో మనిషెత్తు ప్లైవుడ్ గోడ లేచింది. అటువాళ్లు ఇటువాళ్లతో పని సంగతి మాట్లాడితే ఉద్యోగం ఊడుతుందని అందరి చేతా సంతకాలు చేయించుకున్నారు. మొగుడూ పెళ్లాల సంతకాలు ఆ కాగితం మీద పక్కపక్కనే పడ్డాయి.

ఆ రోజు వదిన ఇంట్లో మర్చిపోయిన కళ్లజోడు ఇవ్వడానికి వెళ్లాను. ఆమె ముందు ఒక పెద్దాయన, బడి గేటు కాపలాదారు, చేతులు నలుపుకుంటూ కూర్చున్నాడు. ముందురోజు వ్యాను హారన్ ఆయనకి వినపడక, ఓ పిల్ల చక్రాల కింద పడబోయిందట. మధ్యాహ్నం బడి వదిలేలోగా చెవి బాగుచేయించుకుని రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని బడివాళ్లు అన్నారట.

వదిన తన పని ఐదు నిమిషాల్లో ముగించింది. ఇక ఫోనులో సర్దడమే మిగిలింది. స్టూలెక్కి గోడ మీంచి చెయ్యి చాపింది.

"ఏవండీ, రెండు నిమిషాలు. పెద్దాయన ఉద్యోగం పోయేట్టుంది."

గోడ చెక్కల సందులోంచి చూశాను, అన్నయ్య తన సూపర్‌వైజర్ వైపు తిరిగాడు.

"టోకెన్ తీసుకుని రమ్మనండి, మేడమ్."

మేడమ్! ఛీ, వీడు నా తోడబుట్టినవాడేనా అనిపించింది. వదిన స్టూలు దిగి మిషన్ నా చేతిలో పెట్టింది.

పెద్దాయన్ని వెంటబెట్టుకుని వీధిలోకి వెళ్లి, చుట్టూ తిరిగి అన్నయ్య వైపు గుమ్మంలోంచి లోపలికి వెళ్లాను. టోకెన్ నలభై మూడు. రెండున్నర గంటలు కూర్చున్నాం. బడి వదిలే వేళ దాటిపోయింది. మా వంతు వచ్చేసరికి అన్నయ్య తలెత్తకుండానే అడిగాడు.

"కస్టమర్‌కి మీరేమవుతారు?"

"ఆయనకేమీ కాను. నీకేమవుతానో గుర్తుంటే రాసుకో."

వాడి చెవులు ఎర్రబడ్డాయి. రెండంటే రెండే నిమిషాల్లో మిషన్ సర్దేసి ఇచ్చాడు. పెద్దాయన చెవిలో పెట్టుకున్నాడో లేదో, జేబులో ఫోను మోగింది, బడి నుంచి.

"వినపడుతోంది సార్, బాగా వినపడుతోంది!" అన్నాడు సంబరంగా. తర్వాత ఫోను చెవికి ఇంకాస్త దగ్గరగా పట్టుకున్నాడు.

"ఆఁ, విన్నాను సార్. రేపట్నుంచి రావద్దంటున్నారు."