చాందక్క వేలి కొలత

జనగామ స్టేషన్‌లో చాయ్ కప్పు ఏటేటా చిన్నదవుతోంది. ఇప్పుడు తాగినట్టుండదు, చాయ్‌ని పరామర్శించి వచ్చినట్టుంటుంది. దీని మీద ఎవరికైనా అర్జీ పెట్టుకోవాలని ఉంది. ఇంత పెద్ద ఫిర్యాదుతో మొదలుపెట్టానంటే, అసలు సంగతికి రావడానికి జంకుతున్నానని మీకు తెలిసిపోయే ఉంటుంది. ఓపిక పట్టండి. పదకొండేళ్లుగా మోస్తున్న బరువొకటి దించాలి. ఎక్కడ పట్టుకుని దించాలో తెలియడం లేదు.

నేను బెల్టుల ఇంజనీరును. నడుముకు కట్టుకునేవి కావు, మోటారు తిరుగుడును యంత్రానికి అందించే రబ్బరు బెల్టులు. పిండి గిర్నీల్లో చూసే ఉంటారు. చూడకపోయినా వినే ఉంటారు. వాటి కూత తగ్గించడమే నా ఉద్యోగం. మా కంపెనీలో గోడలకు స్పాంజి అంటించిన గది ఉంది, ఖరీదైన మైకులున్నాయి, ఈ సంగతి జరిగేనాటికి రెండేళ్లుగా నేనూ ఉన్నాను. బెల్టు మాత్రం కూస్తూనే ఉండేది.

ఆ రోజుల్లో సెలవు పెట్టి కేసముద్రంలో మా మేనత్త ఇంటికి వెళ్లాను. ఇంటికొచ్చిన ఇంజనీరును ఎలా వాడుకోవాలో మా అత్తకు తెలుసు. జొన్నల సంచి ఇచ్చి గిర్నీకి పంపింది. గిర్నీ చాంద్‌బీది. ఊరందరికీ చాందక్క. భర్త పోయాక ఒక్కతే నడుపుతోంది. గడప దాటగానే నిలబడిపోయాను. రాళ్ల గరగర వినబడుతోంది. బెల్టు కూత లేదు.

"చాందక్కా, బెల్టు ఏమైంది? చప్పుడే లేదు."

"తిరుగుతనే ఉంది తమ్మీ. నీ చెవులు ఒకసారి దవాఖానల సూపెట్టుకో."

పాత బెల్టు గట్టిపడితే చిన్న చక్రం చుట్టూ సరిగా వంగదు. అందుకని గిర్నీల వాళ్లు దాని లోపలివైపు రంపపు బ్లేడుతో గాట్లు పెడతారు. అందరూ సమాన దూరాల్లో పెడతారు. కంపెనీలో మేమూ అంతే. చాందక్క గాట్లు మాత్రం ఒకచోట దగ్గరగా, ఒకచోట ఎడంగా ఉన్నాయి.

"గిట్లెందుకు పెట్టినవక్కా?"

"సమానంగ పెడితే అన్నీ ఒక్కతాన కూస్తయ్. లెక్క తప్పిస్తే ఎవనిది వాడు గొణుక్కుంటడు. గిర్ని ఊడ్చినంక పిడికెడు గింజలు తీసి వరుసగ పెడ్త. జొన్న వస్తే ఒక వేలు ఎడం. శనగ వస్తే ఒకటిన్నర. మక్క వస్తే రెండు. ఏ గింజ ఎప్పుడొస్తదో నాకే ఎరుకలేదు, ఇగ బెల్టుకేం ఎరుక?"

నా ఒళ్లు ఝల్లుమంది. అంత అందమైన మాట నేను ఏ క్లాసులోనూ వినలేదు. ఒకే తాళంలో పడే దెబ్బలన్నీ కూడబలుక్కుని కూత అవుతాయి. తాళం చెదిరితే ఆ కూత చిన్న చిన్న గుసగుసలుగా విడిపోతుంది. రెండేళ్లలో నేను రబ్బరు మార్చాను, చక్రం మార్చాను, ఆఖరికి మైకును కూడా అనుమానించి మార్చాను. దూరాలు మార్చాలని మాత్రం తట్టలేదు. సమానంగా ఉండడమే మంచి పనితనమని చదువుకున్నవాణ్ణి కదా. మాటవరసకన్నట్టు ఆమె వేలి పక్కన నా వేలు పెట్టి చూసుకున్నాను. తర్వాత ఆ వెడల్పును మిల్లీమీటర్లలోకి మార్చాను. ఆ పరిశోధనలో నా వాటా అంతే.

సోమవారం స్పాంజి గదిలో అలాంటి గాట్ల బెల్టు ఎక్కించాం. మీటరు ముల్లు పడిపోయింది. అది పడిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె లేచి కూర్చుంటుంది. మా పెద్దసారు భుజం తట్టి, ఇదెలా తట్టిందయ్యా అన్నాడు. నోరు తెరిచాను. రైల్లో వస్తూ పట్టాల చప్పుడు విన్నానన్నాను.

ఎందుకలా అన్నాను? గిర్నీ ఆమె చెప్పిందంటే నవ్వుతారనుకున్నానా? చాలా ఏళ్లు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. అది కాదు. నవ్వకుండా ఆమెనే పిలిపిస్తారేమోనని భయపడ్డాను.

పేటెంటు కాగితం మీద నా పేరొక్కటే ఎక్కింది. ఇంకో పేరుకు చోటుంది. చూశాను.

అబద్ధాన్ని మాత్రం బాగానే పోషించాను. మొదట్లో అందులో పట్టాలే ఉండేవి. రెండో ఏటికి కిటికీ పక్క సీటు దొరికింది. మూడో ఏటికి వాన మొదలైంది. ఒక సన్మానంలో ఆ వానకు చప్పట్లు కూడా కొట్టారు. నేనూ తల వంచి నిలబడ్డాను, తడిసినవాడిలాగే.

వచ్చే నెల నుంచి నన్ను డిజైన్ విభాగానికి పెద్దను చేస్తున్నారు, ఆ పేటెంటును చూసే. కంపెనీలో నిజం చెబితే ఆ కుర్చీ పోతుంది, బహుశా ఉద్యోగమూ పోతుంది. చెప్పకపోతే చాందక్క పేరు ఎక్కడా ఉండదు. ఇంత తేలిక లెక్కను పదకొండేళ్లు చేస్తూ కూర్చున్నాను.

పోయిన ఆదివారం ప్యాసింజరెక్కి కేసముద్రం వెళ్లాను. గిర్నీలో తండా నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు మక్కల సంచుల మీద కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందే చెప్పాను. చాటుకు పిలిచి చెబితే మళ్లీ ఏ కిటికీనో చేరుస్తానని నా మీద నాకే అనుమానం. పట్టాలు, సీటు, వాన, చప్పట్లు, కాగితం మీద మిగిలిన చోటు, అన్నీ చెప్పేశాను. చాందక్క మక్కలు పోస్తూనే విన్నది.

చెప్పడం అయిపోయాక, రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, సంతోషం పొంగింది. ముల్లు పడిన రోజు ఎంత పొంగిందో అంత. ఒళ్లంతా దూదిలా అయింది. తిడుతుందని చూశాను. ఏడుస్తుందని చూశాను. క్షమిస్తుందని కూడా చూశాను, నా సంగతి మీకు తెలిసిందే కదా.

చాందక్క చేతుల పిండి దులుపుకుని చూపుడువేలు నా మొహం ముందు పెట్టింది.

"మీ కంపెనీ బెల్టు మా బజారుకు ఎన్నడో వచ్చింది. గాట్ల ఎడం కొలిచి సూసిన. గది గీ వేలే" అంది. "నాకు ఎరుకున్నదే నాకు చెప్తవేంది తమ్మీ? ఎరుకలేనోళ్లకు చెప్పు."